హఫీజ్‌గా వెళ్లారు.. కార్దార్‌గా వచ్చారు

* రెండు దేశాలకు ఆడిన ఆల్‌రౌండర్
* చేపాక్‌లో 79 పరుగులు

చెన్నై: 1952 నవంబరు 28. చేపాక్‌లో భారత్, పాకిస్థాన్ నాలుగో టెస్టు మొదలైన రోజు. రెండు జట్ల సారథులూ ఆట నేర్చుకున్న ఊరు ఒక్కటే.. లాహోర్. భారత సారథి లాలా అమర్‌నాథ్ పుట్టింది కపూర్తలాలో అయినా, బ్యాటు పట్టి పేరు తెచ్చుకుంది లాహోర్‌లోనే. దేశం రెండు ముక్కలయ్యాక ఆ ఊరు వదిలి ఇటు వచ్చేశారు. పాకిస్థాన్ సారథి అబ్దుల్ హఫీజ్ కార్దార్ పుట్టిందీ పెరిగిందీ అక్కడే. ఆరేళ్ల కిందట ఇదే అమర్‌నాథ్‌తో కలిసి ఇంగ్లండ్‌లో భారత్ తరఫున మూడు టెస్టులు ఆడారు.

అప్పటి స్కోరు కార్డులో ఆయన పేరు అబ్దుల్ హఫీజ్ మాత్రమే. ఇంటిపేరు కార్దార్ తర్వాత వచ్చి చేరింది. అందుకే పాత కార్డులు తిరగేసే కుర్రాళ్లు ఇప్పటికీ ఇద్దరూ వేరువేరు మనుషులనుకుంటారు. ఒకే మనిషి, రెండు పేర్లు, రెండు దేశాలు.

ఇంటిపేరు మార్చుకున్నవాళ్లనూ, దేశం మారినవాళ్లనూ మనం వెంటనే ఒక లెక్కలో వేసేస్తాం. అవకాశం కోసం వెళ్లాడనో, డబ్బు కోసం వెళ్లాడనో అనేస్తాం. కార్దార్ విషయంలో ఆ లెక్క కుదరదు. భారత జట్టుతో విమానం ఎక్కే నాటికి పాకిస్థాన్ అనే దేశమే లేదు.

ఒకే జట్టులో ముగ్గురు

కార్దార్ 1925 జనవరి 17న లాహోర్‌లో పుట్టారు. చదువు ఇస్లామియా కాలేజీలో. అప్పట్లో ఆ కాలేజీకీ, అదే ఊళ్లోని గవర్నమెంటు కాలేజీకీ మధ్య క్రికెట్ మ్యాచ్ అంటే ఊరంతా కదిలి వచ్చేది. ఎడమచేతి వాటం బ్యాటింగ్, ఎడమచేతి స్పిన్. నార్తరన్ ఇండియా తరఫున రంజీ ఆడారు. బొంబాయి పెంటాంగ్యులర్‌లో ముస్లింల జట్టుకూ ఆడారు. పెంటాంగ్యులర్ అంటే హిందువులు, ముస్లింలు, పార్శీలు, యూరోపియన్లు, మిగతావాళ్లు.. ఇలా మతాల వారీగా అయిదు జట్లు తలపడే పోటీ. దాన్ని ఆపేయాలని గాంధీజీ కోరినా 1946 దాకా సాగింది. మన మద్రాసులో మతం పట్టింపు లేకుండా పొంగల్ రోజుల్లో యూరోపియన్లకూ భారతీయులకూ ప్రెసిడెన్సీ మ్యాచ్ జరిగేది. అది నయం.

1946 వేసవిలో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టులో 21 ఏళ్ల హఫీజ్‌కు చోటు దక్కింది. జూన్ 22న లార్డ్స్‌లో మొదలైన తొలి టెస్టులోనే తుది జట్టులోకి వచ్చారు. ఇంగ్లండ్ పక్షాన అలెక్ బెడ్సర్‌కూ అదే మొదటి టెస్టు. మొదటి ఇన్నింగ్స్‌లో 7 వికెట్లు, రెండో దాంట్లో 4 తీసి బెడ్సర్ మనవాళ్లను చుట్టేశాడు. భారత్ 200 పరుగులకే ఆలౌటైన తొలి ఇన్నింగ్స్‌లో హఫీజ్ 43 కొట్టారు. రెండో ఇన్నింగ్స్‌లో సున్నా. మూడు టెస్టులు ముగిసేసరికి అయిదు ఇన్నింగ్స్‌లో 80 పరుగులు. గొప్ప లెక్కేం కాదు. కానీ ఆ వయసుకు, ఆ పిచ్‌లకు పరవాలేదు.

ఆ లార్డ్స్ పదకొండు మందిని ఒకసారి చూడాలి. సారథి పటౌడీ నవాబు. అంతకుముందు ఇంగ్లండ్‌కు మూడు టెస్టులు ఆడి, సిడ్నీలో తొలి టెస్టులోనే సెంచరీ చేసిన మనిషి. ఇక గుల్ మహమ్మద్. ఈయనదీ లాహోరే. తర్వాత పదేళ్లకు పాకిస్థాన్‌కు ఆడారు. మూడోవారు హఫీజ్. అంటే ఒకే జట్టులో రెండేసి దేశాలకు ఆడినవాళ్లు ముగ్గురు. అందులోనే మన నాగపూర్ తెలుగు కుటుంబం నుంచి వచ్చిన సి.ఎస్.నాయుడు కూడా ఉన్నారు. భారత తొలి టెస్టు సారథి సి.కె.నాయుడికి స్వయానా తమ్ముడు.

ఇల్లు కదల్లేదు.. గీత కదిలింది

పర్యటన అయిపోయాక జట్టు తిరిగి వచ్చింది. హఫీజ్ రాలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకు చేరిపోయారు. తత్వశాస్త్రం, రాజకీయాలు, అర్థశాస్త్రం. చదువుతోపాటు క్రికెట్ ఎలాగూ ఉంది. 1947, 48, 49 వరసగా మూడేళ్లు కేంబ్రిడ్జ్‌తో మ్యాచ్ ఆడి ఆక్స్‌ఫర్డ్ బ్లూ సంపాదించారు.

1947 ఆగస్టులో ఆయన అక్కడే ఉన్నారు. ఇక్కడ పంజాబ్ మధ్యలో గీత గీశారు. లాహోర్ అటుపక్క పడింది. వెళ్లేటప్పుడు భారత ఆటగాడు, గీత పడ్డాక పాకిస్థానీ. ఇల్లు ఉన్నచోటే ఉంది, దేశమే మారింది. తిరుత్తణి, పళ్లిపట్టు వైపు పెద్దవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. 1960 ఏప్రిల్ 1న పొద్దున్నే లేచేసరికి వాళ్లు చిత్తూరు జిల్లా వాళ్లు కాకుండా పోయారు. అక్కడ మారింది రాష్ట్రం మాత్రమే, నెత్తురు పారలేదు. పంజాబ్‌లో లక్షల ప్రాణాలు పోయాయి.

ఆ రోజుల్లో ఇంకో బౌలర్‌కు ఎదురైన అనుభవం ఇక్కడ చెప్పుకోవాలి. ఫజల్ మహమూద్ కూడా లాహోర్ కుర్రాడే. 1947-48 ఆస్ట్రేలియా పర్యటనకు భారత జట్టుకు ఎంపికై, శిక్షణ శిబిరానికి పుణె వచ్చారు. సరిగ్గా ఆ ఆగస్టు నెలలోనే. తిరుగు ప్రయాణంలో రైల్లో కొందరు ఆయన మీదికి రాబోతే, అదే పెట్టెలో ఉన్న సి.కె.నాయుడు బ్యాటు పట్టుకుని అడ్డం నిలబడ్డారు. ఈ సంగతి ఫజల్ తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆస్ట్రేలియా వెళ్లకుండా ఫజల్ పాకిస్థాన్‌లోనే ఉండిపోయారు. కార్దార్ సారథిగా సాధించిన విజయాల్లో సగం పైగా ఈ ఫజల్ చేతి చలవే. ఆ ప్రాణం నిలబెట్టింది ఒక తెలుగాయన బ్యాటు.

ఆక్స్‌ఫర్డ్ తర్వాత కార్దార్ వార్విక్‌షైర్ కౌంటీకి ఆడారు. ఆ క్లబ్బు పెద్దల్లో ఒకరైన సిరిల్ హేస్టిలో కుమార్తెను పెళ్లాడారు. అక్కడే స్థిరపడితే ఎవరూ అడిగేవారు కాదు. తిరిగి లాహోర్ వెళ్లారు. దేశం మారడంలో ఆయన సొంతంగా తీసుకున్న నిర్ణయం ఏదైనా ఉంటే అది ఇదే.

అప్పటికి పాకిస్థాన్‌కు టెస్టు హోదా లేదు. మైదానాలు తక్కువ, డబ్బు ఇంకా తక్కువ. 1951 చివర్లో నైజెల్ హోవార్డ్ నాయకత్వంలో ఎం.సి.సి. జట్టు వచ్చింది. కరాచీ మ్యాచ్‌లో కార్దార్ సారథిగా పాకిస్థాన్ నాలుగు వికెట్ల తేడాతో గెలిచింది. ఇంకా పదిహేడేళ్లు నిండని హనీఫ్ మహమ్మద్ 64 కొట్టాడు. చివర్లో కార్దార్ 50తో అజేయంగా నిలిచారు. ఆ గెలుపుతో తలుపు తెరుచుకుంది. 1952 జులై 28న లార్డ్స్‌లో జరిగిన సమావేశంలో పాకిస్థాన్‌కు టెస్టు హోదా ఇచ్చారు. ప్రతిపాదించింది ఎవరనుకున్నారు? భారత్. అయిదేళ్ల కిందట విడిపోయిన దేశానికి తొలి టెస్టు సిరీస్ ఆతిథ్యం కూడా మనదే.

చేపాక్‌లో ఆ నాలుగు రోజులు

తొలి టెస్టు అక్టోబరు 16న ఢిల్లీలో. వినూ మన్కడ్ 13 వికెట్లు తీశాడు. పాకిస్థాన్ ఇన్నింగ్స్ 70 పరుగుల తేడాతో చిత్తయింది. ఆ మ్యాచ్‌లో హైదరాబాద్ స్పిన్నర్ గులాం అహ్మద్ పదకొండో ఆటగాడిగా వచ్చి 50 కొట్టాడు. హేము అధికారితో కలిసి చివరి వికెట్‌కు 109 పరుగులు జోడించాడు. పాకిస్థాన్‌ను విసిగించి పారేసిన జోడీ అది.

వారం తిరగకుండానే లక్నోలో లెక్క తారుమారైంది. గోనె నార పరిచిన పిచ్ మీద ఫజల్ 12 వికెట్లు పడగొట్టాడు. నజర్ మహమ్మద్ ఓపెనర్‌గా వచ్చి చివరిదాకా నిలబడి 124. ఇన్నింగ్స్ 43 పరుగులతో పాకిస్థాన్ గెలుపు. టెస్టు దేశంగా రెండో మ్యాచ్‌లోనే తొలి విజయం. బొంబాయిలో హజారే, ఉమ్రిగర్ సెంచరీలతో భారత్ పది వికెట్లతో గెలిచి 2-1 ఆధిక్యంలోకి వచ్చింది.

ఆ తర్వాత మద్రాసు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఇదే చేపాక్‌లో ఇంగ్లండ్‌ను ఓడించి భారత్ తన మొట్టమొదటి టెస్టు విజయం అందుకుంది. మన్కడ్ 12 వికెట్లు తీసిన ఆ మ్యాచ్ ఊళ్లో ఇంకా కథలుగా నడుస్తోంది. చేపాక్‌కు మంచి జోరు మీదున్న సమయం.

ఊరు మాత్రం ప్రశాంతంగా లేదు. చేపాక్ నుంచి నాలుగు కిలోమీటర్లు కూడా లేని మైలాపూర్ రాయపేట హైరోడ్డులో, బులుసు సాంబమూర్తి ఇంట్లో పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షలో ఉన్నారు. అక్టోబరు 19న మొదలైంది దీక్ష. టెస్టు మొదలైన నవంబరు 28 నలభై ఒకటో రోజు. ఒకే ఊళ్లో ఒకపక్క ఆట, ఇంకోపక్క ఆకలి. ఇటు ఒక దేశం విడిపోయి రెండయ్యాక వచ్చిన కొత్త జట్టు ఆడుతోంది. అటు ఒక రాష్ట్రం విడిపోవాలని ఒక మనిషి క్షీణించిపోతున్నారు. మద్రాసు ఎవరిది అన్న గొడవ ఊరంతా నడుస్తోంది.

మైదానంలో పాకిస్థాన్ మొదట బ్యాటింగ్ చేసింది. కార్దార్ 79 పరుగులు చేశారు. ఆ ఇన్నింగ్స్‌లో అందరికంటే ఎక్కువ ఆయనవే. బొంబాయిలో కుదేలైన జట్టును సారథే నిలబెట్టాల్సి వచ్చింది, నిలబెట్టారు. అయినా 240కి తొమ్మిది వికెట్లు పడ్డాయి. ఇక అయిపోయిందనుకుని జనం సర్దుకుంటుంటే చివరి జోడీ తగులుకుంది. జుల్ఫికర్ అహ్మద్, అమీర్ ఇలాహీ. పదో వికెట్‌కు 104 పరుగులు. జుల్ఫికర్ 63 నాటౌట్, ఇలాహీ 47. మొత్తం 344. ఢిల్లీలో గులాం అహ్మద్ పెట్టిన బాకీ వడ్డీతో కాకపోయినా, అసలుకు దగ్గరగా తీర్చేశారు.

ఈ అమీర్ ఇలాహీదీ రెండు దేశాల కథే. వయసు 44. 1947 డిసెంబరులో సిడ్నీలో భారత్‌కు ఒకే ఒక్క టెస్టు ఆడారు. ఇప్పుడు ఆకుపచ్చ టోపీతో మద్రాసులో. అంటే చేపాక్‌లో పాకిస్థాన్ పక్షాన దిగినవాళ్లలో ఇద్దరు పాత భారత టెస్టు ఆటగాళ్లే.

భారత్ 6 వికెట్లకు 175 దగ్గర ఉండగా వాన పట్టుకుంది. నవంబరు చివర్లో మద్రాసులో టెస్టు పెడితే ఏమవుతుందో ఈ ఊరివాళ్లకు తెలియంది కాదు. మ్యాచ్ డ్రా. అప్పటికి ఉమ్రిగర్ 62 కొట్టి ఉన్నాడు. వాన రాకపోతే సిరీస్ 2-2 అయ్యేదేమోనని పాకిస్థాన్ వాళ్లు అనుకుంటే తప్పు పట్టలేం.

ఆఖరి టెస్టు కలకత్తాలో, అదీ డ్రా. సిరీస్ 2-1తో భారత్‌ది. కలకత్తా టెస్టు ముగిసింది డిసెంబరు 15న. అదే రాత్రి మద్రాసులో, దీక్ష 58వ రోజున, పొట్టి శ్రీరాములు ప్రాణం వదిలారు. నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. జార్జిటౌన్‌లో, పెరంబూరులో కాపురాలున్న తెలుగువాళ్లు ఇల్లు మారకుండానే పొరుగు రాష్ట్రం వాళ్లయ్యారు.

విరిగిన వేలితో 37 ఓవర్లు

కార్దార్ పేరు ప్రపంచానికి తెలిసింది 1954లో. ఇంగ్లండ్ పర్యటనలో మూడో టెస్టు వరకు ఎవరూ పాకిస్థాన్‌ను పెద్దగా పట్టించుకోలేదు. ఆగస్టులో ఓవల్ మైదానంలో చివరి టెస్టు. గెలవడానికి ఇంగ్లండ్‌కు కావాల్సింది 168. హట్టన్, మే, కాంప్టన్ లాంటి మహామహులున్న జట్టు 143కే కుప్పకూలింది. మళ్లీ ఫజలే, 12 వికెట్లు. 24 పరుగుల తేడాతో గెలిచి సిరీస్ 1-1గా ముగించారు. ఇంగ్లండ్‌లో తొలి పర్యటనలోనే టెస్టు గెలిచిన జట్టు అంతకుముందు లేదు. బెడ్సర్‌ను, బెయిలీని పక్కనపెట్టి ఇంగ్లండ్ తేలిగ్గా తీసుకుందనే మాట నిజమే. తేలిగ్గా తీసుకున్నవాళ్లను ఓడించడం కూడా తేలిక కాదు.

1955 మొదట్లో భారత జట్టు పాకిస్థాన్ వెళ్లింది. అయిదు టెస్టులు, అయిదూ డ్రా. ఓడిపోతామన్న భయంతో ఇద్దరూ ఆడిన ఆట అది, చూసినవాళ్లకు నిద్ర పట్టి ఉంటుంది. సిరీస్‌లో చెప్పుకోదగ్గవి రెండే. ఒకటి, కరాచీలో కార్దార్ చేసిన 93. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే. సెంచరీ ఎప్పటికీ రాలేదు. రెండోది, లాహోర్ టెస్టు. సరిహద్దు తెరిస్తే అమృత్‌సర్ వైపు నుంచి వేలమంది భారతీయులు వాఘా దాటి మ్యాచ్ చూడటానికి వెళ్లారు. చాలామందికి అది ఆట చూడటమే కాదు, వదిలేసి వచ్చిన వీధిని చూడటం కూడా.

ఆ తర్వాత న్యూజిలాండ్‌పై 2-0. 1956 అక్టోబరులో కరాచీలో ఆస్ట్రేలియాతో ఏకైక టెస్టు. మొదటి రోజంతా కలిపి రెండు జట్లు చేసింది 95 పరుగులు! ఫజల్ 13 వికెట్లు, కార్దార్ 69 పరుగులు. పాకిస్థాన్ తొమ్మిది వికెట్లతో గెలిచింది. 1946 నాటి సహచరుడు గుల్ మహమ్మద్ పాకిస్థాన్‌కు ఆడిన ఒకే ఒక్క టెస్టు ఇది. రంజీ ఫైనల్లో సి.కె.నాయుడి హోల్కర్ జట్టుపై హజారేతో కలిసి 577 పరుగుల భాగస్వామ్యం చేసిన గుల్ ఈయనే.

చివరి పర్యటన వెస్టిండీస్, 1958. బార్బడోస్‌లో హనీఫ్ 970 నిమిషాలు ఆడి 337. జమైకాలో కుర్ర సోబర్స్ 365 నాటౌట్, అప్పటికి ప్రపంచ రికార్డు. ఆ జమైకా ఇన్నింగ్స్‌లో ఇద్దరు బౌలర్లు గాయాలతో మొదట్లోనే తప్పుకున్నారు. కార్దార్ వేలు అంతకుముందే విరిగి ఉంది. డాక్టర్లు వద్దన్నా దిగి 37 ఓవర్లు వేశారు. ఒక్క వికెట్టూ పడలేదు. వెస్టిండీస్ 3 వికెట్లకు 790 కొట్టింది. సిరీస్ 3-1తో పోయింది. అయితే ట్రినిడాడ్‌లో చివరి టెస్టు ఇన్నింగ్స్ తేడాతో గెలిచాకే ఆయన బ్యాటు పక్కన పెట్టారు.

పాకిస్థాన్ ఆడిన మొదటి 23 టెస్టులకూ ఆయనే సారథి. గెలిచినవి 6, ఓడినవి 6, డ్రాలు 11. అప్పటికి ఆడిన ప్రతి దేశంపైనా కనీసం ఒక్కో విజయం. రెండు దేశాలకూ కలిపి ఆటగాడిగా లెక్క మాత్రం ఒప్పుకోవాలి, సాధారణమే. 26 టెస్టుల్లో 927 పరుగులు, సగటు 24 కంటే తక్కువ. వికెట్లు 21, ఒక్కోదానికి 45 పరుగులు పైన. ఫస్ట్‌క్లాస్‌లో 344 వికెట్లు తీసిన స్పిన్నర్ టెస్టుల్లో ఆ పదును చూపలేదు. పేరు మిగిలింది సారథ్యం వల్లే.

మైదానం వదిలాక

ఆ సారథ్యం మెత్తగా ఉండేది కాదు. జట్టులో ఆయన మాటే చట్టం. 1970 ఎన్నికల్లో భుట్టో పార్టీ తరఫున పంజాబ్ అసెంబ్లీకి గెలిచి, ఆ ప్రభుత్వంలో ఆహార మంత్రిగా చేశారు. 1972 నుంచి 1977 దాకా క్రికెట్ బోర్డు అధ్యక్షుడు. ఆయన హయాంలోనే బోర్డు కార్యాలయం కరాచీ నుంచి లాహోర్‌కు మారింది. కరాచీ వాళ్లు ఆ కోపం చాలాకాలం మరిచిపోలేదు.

అంతర్జాతీయ సమావేశాల్లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియాలకున్న వీటో అధికారం ఎందుకని గట్టిగా అడిగారు. శ్రీలంకకు టెస్టు హోదా ఇవ్వాలని పట్టుబట్టారు. తన దేశం ఒకప్పుడు ఆ తలుపు బయట నిలబడిందన్నది ఆయనకు గుర్తుంది.

అదే మనిషి 1976లో సొంత ఆటగాళ్లు జీతం పెంచమంటే ససేమిరా అన్నారు. దేశానికి ఆడేవాడు డబ్బు మాట ఎత్తకూడదన్నది ఆయన పాత పట్టుదల. ఆయనకు ఎదురు నిలిచిన సీనియర్లలో ఆసిఫ్ ఇక్బాల్ ఒకడు. ఈ ఆసిఫ్ ఎవరో కాదు, హైదరాబాద్‌లో పుట్టి, హైదరాబాద్‌కే రంజీ ఆడి, 1961లో పాకిస్థాన్ వెళ్లిన ఆల్‌రౌండర్. ఢిల్లీలో 50 కొట్టిన గులాం అహ్మద్‌కు మేనల్లుడు. దేశం కార్దార్ కాళ్ల కింద మారింది, ఆసిఫ్ తానే దేశం మార్చుకున్నాడు. ఇద్దరి మధ్య పేచీ వచ్చింది మాత్రం జీతం దగ్గర. ఈ వివాదంలో ప్రభుత్వం ఆటగాళ్ల వైపు మొగ్గింది. 1977లో కార్దార్ తప్పుకున్నారు. ఈ ఒక్క విషయంలో తప్పు ఆయనదే అని చెప్పక తప్పదు. మ్యాచ్ చూడటానికి టికెట్టు కొని వచ్చిన డబ్బు ఎటు పోతోందని ఆటగాళ్లు అడగడంలో తప్పేముంది?

తర్వాతి కాలమంతా రాసుకుంటూ గడిపారు. 1987లో వచ్చిన ఆత్మకథకు తనను తాను ఆల్‌రౌండర్‌గానే చెప్పుకుంటూ పేరు పెట్టారు. 1991 నుంచి రెండేళ్లు స్విట్జర్లాండ్‌లో పాకిస్థాన్ రాయబారి.

1996 మార్చి 17న లాహోర్ గడాఫీ స్టేడియంలో ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది. ఆయన పుట్టిన ఊళ్లో, ఆయన టెస్టు హోదా కోసం వాదించిన శ్రీలంక, ఆస్ట్రేలియాను ఓడించి కప్పు ఎత్తుకుంది. అయిదు వారాల తర్వాత, ఏప్రిల్ 21న కార్దార్ 71వ ఏట కన్నుమూశారు.